బండి కొనేవాడికి బండి కింద చూసే చోటేదీ?

సంపాదకులు గారికి నమస్కారం.

దసరా దగ్గర పడిందంటే మా నల్లగొండ జిల్లాలో పాత పికప్ బండ్ల బేరాలు జోరందుకుంటాయి. వడ్లు కోతకొస్తుంటాయి, బత్తాయి సీజన్ కాయ నడుస్తుంటుంది, కిరాయిలు బాగా దొరుకుతాయని ఆశ. కొత్త బండి ధర అందదు కాబట్టి పాత బొలెరో పికప్పో, దోస్తో, టాటా ఏసో చూసుకుందామని కుర్రాళ్లు బయల్దేరతారు. హాలియాలో నాకు వెల్డింగ్, టింకరింగ్ షెడ్డు ఉంది. ఆ కుర్రాళ్లలో చాలామంది చివరికి మా షెడ్డు ముందు ఆగుతారు. కొనే ముందు వస్తే బాగుండు, అందరూ కొన్నాకే వస్తారు.

ఈ మధ్య గుర్రంపోడు వైపు నుంచి బత్తాయి తోటలు గుత్తకు పట్టే తమ్ముడొకడు వచ్చాడు. కొత్తగా కొన్న పాత బండి. తొట్టిలో కొత్త చెకర్డ్ ప్లేటు (గళ్ల ఇనుప రేకు), చాసీకి, అంటే బండి బరువంతా మోసే ఇనుప చట్రానికి, నిగనిగలాడే నల్ల రంగు, టైర్లకు కూడా పాలిష్. వెనక డోరు సరిగా పడట్లేదు, కాస్త సరిచేయమన్నాడు. చూస్తే డోరుకు ఏ జబ్బూ లేదు. తొట్టి కింద అడ్డంగా ఉండే బీములు తుప్పు తినేసి, తొట్టే ఒక పక్కకు ఒరిగింది. పాత ఫ్లోరు తీయకుండా దాని మీదే కొత్త రేకు పరిచి చుట్టూ టాకాలు (వెల్డింగ్ అతుకులు) కొట్టారు. గ్రైండర్‌తో ఒక మూల కోసి లేపితే పాత రేకు అప్పడంలా విరిగి చేతికొచ్చింది. రెండు రేకుల మధ్య ఎండిపోయిన గొర్రె పెంటికలు ఇంకా అట్లే ఉన్నాయి.

“అన్నా, పెయింట్ జూసినం, టైర్లు జూసినం, ఇంజన్ చప్పుడు ఇన్నం. కింద ఎట్ల జూస్తమే? ఆడ వంగనీకే జాగ లేకపాయె” అన్నాడు. కిస్తీలు అప్పటికే మొదలయ్యాయి.

అతనన్నది నిజం. పాత బండ్లు అమ్మే యార్డుల్లో బండ్లను అద్దానికి అద్దం తగిలేలా పెడతారు. కింద కంకర. దూరి చూద్దామంటే జాకీ ఇవ్వరు, ర్యాంపు ఎక్కిస్తామంటే ముందు టోకెన్ (అడ్వాన్సు) కట్టమంటారు. టోకెన్ కట్టాక తుప్పు కనపడితే ఆ పైసలు తిరిగి రావు. అందుకే మీ పత్రిక ద్వారా రెండు మాటలు చెప్పుకుందామని రాస్తున్నాను. ఒకటి కొనేవాళ్లకు, ఒకటి అధికారులకు.

కొనేవాళ్లు మొదట అడిగేది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని. మీటరును వెనక్కి తిప్పడం పెద్ద విద్య కాదు. ఏం మోసిందో అడగండి. పికప్‌కు తుప్పు పట్టేది తిరిగినందుకు కాదు, మోసిన సరుకు వల్ల. గొర్రెలు, మేకలు తోలిన బండికి మూత్రం దిగి ఫ్లోరు, బీములు పోతాయి. షాద్‌నగర్ వైపు కోళ్ల ఫారాల్లో పెంట మోసిన బండిదీ అదే గతి. ఎరువుల్లో యూరియా కంటే పొటాష్ చెడ్డది, అది ఉప్పు జాతి, చినిగిన బస్తా నుంచి రాలి సందుల్లో చేరితే గాలిలో చెమ్మ పీల్చుకుని ఇనుమును తింటుంది. కోస్తా నుంచి ఐసులో రొయ్యలు, చేపలు మోసిన బండి ఎంత చవకగా ఇచ్చినా నేను వద్దనే అంటాను. అట్లని ఏపీ నంబరు చూడగానే బెదరనక్కర్లేదు. ఏపీ 24 అని ఉంటే అది మన నల్లగొండదే, 2014లో రాష్ట్రం విడిపోక ముందు నాటిది. ఆ తర్వాతవి టీఎస్ 05, 2024 మార్చి నుంచి టీజీ. బత్తాయి, కూరగాయలు, కిరాణా సామాను మోసిన బండి దొరికితే ఆ బేరం మీద కొంచెం ఎక్కువసేపు కూర్చోవచ్చు.

కింద దూరినప్పుడు గోధుమ రంగు కనపడగానే లేచి రావద్దు. పాత ఇనుము మీద పైపైన తుప్పు ఉంటుంది, బ్రష్ కొట్టి రంగు వేస్తే పోతుంది. చూడాల్సింది పొరలు లేచిన తుప్పు. చిన్న సుత్తితో చాసీ పొడవునా మెల్లగా తట్టుకుంటూ పోండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము మొద్దు చప్పుడు చేసి పెచ్చులు రాలుస్తుంది. ముఖ్యంగా క్యాబిన్ వెనక, తొట్టి చాసీ మీద కూర్చునే చోట, కమాన్ కట్టల (స్ప్రింగు పట్టీల) హ్యాంగర్లు రివిట్లతో బిగించిన చోట ఆగి చూడండి. రివిట్ చుట్టూ ఎర్రటి చారలు కారి ఉంటే అది కదులుతోందన్నట్టు. పెట్టెలాగా నాలుగు వైపులా మూసి ఉండే చాసీ అయితే లోపల్నుంచి తింటుంది. నీళ్లు పోయే బెజ్జాలు పొలం బురదతో మూసుకుపోతాయి, లోపల చెమ్మ ఆరదు. బయట రంగు బాగానే ఉంటుంది. బెజ్జంలోకి స్క్రూడ్రైవర్ పెట్టి గీకితే లోపలి సంగతి బయటికొస్తుంది.

చాసీకి కొత్తగా నల్ల రంగు వేసి ఉంటే దాని కింద ఏదో ఉందనే అనుకోండి. పాత స్పీకర్‌లోని అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. క్యాబిన్ మెట్టు, డోర్ల అడుగు భాగం, చక్రాల పైన మడ్‌గార్డు దగ్గర ఆనించి చూడండి. ఎక్కడ పట్టకుండా జారిపోతుందో అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. క్యాబిన్‌లో కాళ్ల కింది మ్యాట్ ఎత్తి చూడటానికి మొహమాటపడొద్దు. ముందు అద్దం రబ్బరు సందులోంచి కారిన వాన నీళ్లు వచ్చి చేరేది అక్కడికే. అమ్మేవాడు ఒప్పుకుంటే టాప్ మీద బకెట్ నీళ్లు పోయండి, ఒప్పుకోకపోతే మ్యాట్ కింద వేలు పెట్టి వాసన చూసినా చాలు.

చాసీ నంబరు కొట్టిన చోటును విడిగా చూసుకోవాలి. ఆ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి కాగితాలకు జత చేయాల్సి వస్తుంది. తుప్పు తిని అంకెలు పోయినా, గ్రైండర్ పెట్టిన గీతలున్నా ఆ బండి జోలికి పోవద్దు. నేనైతే అక్కడ టాకా కూడా వేయను.

చాసీకి ప్లేటు కొట్టి పైసలు తీసుకునేది మాలాంటి వాళ్లమే కదా, మరి వద్దని నువ్వే చెప్తున్నావేంటని మీరు అడగొచ్చు. తొట్టికి, డోర్లకు ఎంతైనా కొడతాను. చాసీ పట్టీ పై అంచు, కింది అంచుల మీదే బరువంతా పడుతుంది. అక్కడ వేడి తగిలితే ఇనుము గుణం మారి, టాకా పక్కనే పగులుతుంది. టన్నున్నర లోడుతో డిండి దాటి ఘాట్ ఎక్కుతుంటే అది విరిగితే నా పని ఎంత నీట్‌గా ఉండి ఏం లాభం?

ఇక లీకులు. బండి చూడటానికి వస్తున్నానని ఫోన్ చేసి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీ మాట వినలేదన్నట్టు. ఇంజన్ డీజిల్‌తో కడిగి తళతళలాడుతుంటే నాకు అనుమానం. మన దుమ్ము రోడ్ల మీద తిరిగిన ఇంజన్ దుమ్ముగానే ఉండాలి. ఆయిల్ ఎక్కడ చెమరుస్తుందో అక్కడ ఆ దుమ్ము నల్లటి ముద్దలా పట్టి ఉంటుంది, లీకు ఎక్కడుందో అదే చూపిస్తుంది. కడిగేస్తే ఆ ఆనవాలు పోతుంది. అప్పుడు ఒకటే దారి, ఇరవై కిలోమీటర్లు నడిపి వచ్చి, కింద అట్టముక్క పరిచి, అరగంట టీ తాగి చూడటం. నల్లగా పడితే ఇంజన్ ఆయిల్. చిక్కగా, గంధకం వాసన వస్తే గేర్ ఆయిల్. ఎర్రగా ఉంటే చాలావరకు పవర్ స్టీరింగుది. చక్రం లోపలి పక్క తడిగా ఉంటే బ్రేక్ ఆయిల్ లీకో, హౌసింగ్ (వెనక ఇరుసు పెట్టె) ఆయిల్ సీలో అనుకుని డ్రమ్ము విప్పించాల్సిందే.

అన్ని లీకులూ ఒకటి కాదు. ఇంజన్ పైమూత (టాపెట్ కవర్) ప్యాకింగ్ పోతే చిన్న ఖర్చు. ఇంజన్‌కు, గేర్ బాక్సుకు మధ్యన చుక్క పడుతుంటే సీలు ధర తక్కువే, కానీ దాన్ని మార్చడానికి గేర్ బాక్సు దించాలి, కూలి తడిసి మోపెడవుతుంది. హౌసింగ్ సీలు మార్చిన కొద్దీ కారుతోందంటే ముందు హౌసింగ్ పైనుండే గాలి బెజ్జం చూడండి. అది బురదతో మూసుకుపోతే లోపల వేడికి గాలి ఉబ్బి ఆయిల్‌ను సీలులోంచి బయటికి తోస్తుంది. రూపాయి ఖర్చు లేని పని, గుడ్డతో తుడిస్తే చాలు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ గుప్పుగుప్పున కొడుతోందంటే మాత్రం పిస్టన్ రింగులు పోయినట్టు. మా భాషలో బ్యాక్ కంప్రెషన్. అట్లాంటి ఇంజన్‌కు ఎన్ని సీలులు మార్చినా వేరే చోట కారుతుంది.

రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీయండి. రంగు కూలెంట్ ఉంటే మంచిది. తుప్పు నీళ్లుంటే ఇన్నాళ్లూ బోరు నీళ్లు పోసి నడిపారన్నట్టు. మన జిల్లా బోరు నీళ్ల సంగతి కొత్తగా చెప్పాలా? పళ్లను, ఎముకలను పాడుచేసింది ఫ్లోరైడ్ అయితే, రేడియేటర్‌ను పాడుచేసేది ఆ నీళ్లలోని సున్నం. సన్న గొట్టాల్లో గడ్డకట్టి ఇంజన్‌ను వేడెక్కిస్తుంది, చివరికి ఇంజన్‌లో నీళ్లు, ఆయిల్ కలవకుండా ఆపే ప్యాకింగ్ (హెడ్ గ్యాస్కెట్) మీదికి తెస్తుంది. ఆయిల్ మూత లోపల పాల మీగడలాంటిది కనపడినా, రేడియేటర్ నీళ్ల మీద నూనె తేలినా బేరం అక్కడితో ఆపండి.

ఇవన్నీ చెప్తుంటే “ఫిట్‌నెస్ ఉంది కదన్నా” అంటారు. రవాణా బండికి 8 ఏళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ చేయిస్తారు. చేసిన మర్నాటి నుంచి బండి ఏం మోసిందో ఆ కాగితానికి తెలియదు. పాత బండ్ల డీలర్లకు ప్రభుత్వ అనుమతి ఉండాలని, బండి కదలికలకు రిజిస్టరు రాయాలని 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం నిబంధనలు అమల్లోకి తెచ్చింది. మంచిదే, అది యాజమాన్యం, కాగితాల సంగతి. ఫ్లోరు కింద ఇంకో ఫ్లోరు ఉందన్న సంగతి కూడా అమ్మకం కాగితం మీద రాయించాలని రవాణా శాఖ వారిని కోరుతున్నాను. చాసీకి వెల్డింగ్ ఎక్కడ జరిగింది, తొట్టి ఎప్పుడు మారింది, రెండు వాక్యాలు చాలు.

ఇంకో కోరిక వ్యవసాయ మార్కెట్ కమిటీల వారికి. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అటు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ మార్కెట్ యార్డుల్లో కాంటా ఉన్నట్టే బండి కింద చూసుకునే గుంత ఒకటి కట్టించండి. 15 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతు, దిగడానికి మెట్లు, ఒక బల్బు. గంటకు ఇంత అని ఫీజు పెట్టినా కడతారు. బండి అమ్మేవాడు అక్కడికి బండి తేనంటే కొనేవాడికి అది కూడా ఒక జవాబే. పని లేనప్పుడు గుంత మీద జాలీ మూత తప్పనిసరిగా ఉండాలి, యార్డులో పిల్లలు తిరుగుతుంటారు. స్థలం చూపించి ఇనుము ఇప్పిస్తే హాలియాలో ఆ మూత మేం కూలి లేకుండా చేసిస్తాం.

ఇట్లు,
ఒక వెల్డింగ్ మెకానిక్,
హాలియా, నల్లగొండ జిల్లా