పత్తి కట్టె తగలబెట్టించకండి

అందరికీ నమస్తే. మనం ఉండేది హైదరాబాద్‌లో, పొలాలేమో ఊళ్లో. పత్తి తీయడం అయిపోయింది కాబట్టి కట్టెకు నిప్పు పెట్టకముందే ఈ మాట.

మొన్న ఆదివారం మా చేలోని మట్టిగడ్డ ఒకటి, గట్టు మీద గ్లిరిసిడియా (పచ్చిరొట్ట ఆకు కోసం పెంచే చెట్టు) కిందిది ఒకటి కవర్లో తెచ్చి, రెండు గాజు గ్లాసుల నీళ్లలో వేశాను. చేను గడ్డ రెండు నిమిషాల్లో విడిపోయి అడుగున బురదైంది. గట్టు గడ్డ అరగంటైనా కరగలేదు. ‘టీ గ్లాసులే దొరికాయా’ అని ఇంట్లో తిట్లు పడ్డాయి, అది వేరే సంగతి. తేడా చాలావరకు సేంద్రియ కర్బనానిదే, అంటే కుళ్లిన ఆకు, వేరు నుంచి మట్టిలో చేరే కార్బన్‌ది; గడ్డను పట్టి ఉంచేది అదే.

మీ భూసార కార్డు (మట్టి పరీక్ష ఫలితాల కార్డు) తీసి చూడండి. సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ కింద లెక్క. మాది 0.38!

మొక్క గాలిలోంచి తీసుకున్న కార్బనే ఆకు, వేరు కుళ్లి మట్టిలో చేరుతుంది. కాలిస్తే మళ్లీ గాల్లోకే. ష్రెడర్ యంత్రంతో కట్టెను ముక్కలు చేసి కలియదున్నితే, పత్తి కాయల్ని తినే గులాబీ పురుగు బెడదా తగ్గుతుంది. తొలకరికి జీలుగో జనుమో లాంటి పచ్చిరొట్ట పైరు చల్లి, పూతకొచ్చేసరికి దున్నేయండి.

కార్బన్ క్రెడిట్ల (మట్టిలో కార్బన్ నిలిపినందుకు ఇచ్చే) డబ్బులంటూ ఫోన్లొస్తే మాత్రం, ఎన్నేళ్ల ఒప్పందమో చదవకుండా సంతకం పెట్టొద్దు. కర్బనం పెరగడానికి ఏళ్లు పడుతుంది, ఊరికే దున్నుతూ పోతే మాత్రం త్వరగా తగ్గిపోతుంది.

వచ్చే వారం ష్రెడర్ అద్దెకు తెప్పిస్తున్నా. మా వైపు పొలాలున్నవాళ్లు ఎన్నెకరాలో ఇక్కడే పెట్టండి, కలిపి బేరమాడదాం.