చెక్క చర్చి: అడుగు సంగతి

సంపాదకులకు నమస్కారం.

నార్వే మధ్యయుగపు చెక్క చర్చిల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో ‘ఒక్క ఇనుప మేకు లేకుండా’ అన్న మాటనే పెద్దక్షరాల్లో వేశారు. తలుపు బందులకూ తాళాలకూ అక్కడ ఇనుము వాడారు. మిగతాదంతా చెక్క చీలలతో బిగించిన మాట నిజమే. కానీ అవి అన్నేళ్లు నిలవడానికి కారణం మేకుల్లో దొరకదు, స్తంభం మొదట్లో చూడాలి.

తొలినాళ్లలో వాళ్లూ మనలాగే గుంజలను భూమిలో పాతారు. నేల తడికి మొదళ్లు కుళ్లాయి. తర్వాత రాళ్లు పేర్చి, వాటి మీద అడుగు దూలాలను కోసి కూర్చి చట్రం కట్టి, స్తంభాలను ఆ చట్రం మీద నిలబెట్టారు. గోడ పలకలు నిలువుగా ఉంటాయి. ఒకదాని అంచు పక్కదాని గాడిలో దిగుతుంది. చెక్క వానకు ఉబ్బినా ఎండకు ముడుచుకున్నా ఆ గాడిలోనే ఆడుతుంది, పగలదు. చుట్టూ వసారా ఉన్న చోట గోడ అడుగుకు జల్లు తగలదు. బోర్గుండ్ చర్చి (1180 ప్రాంతం) దీనికి మంచి ఉదాహరణ. మీరేమో దాని కప్పు కొసల డ్రాగన్ తలల బొమ్మ వేసి ఊరుకున్నారు! ఊర్నెస్ చర్చి 1130 ప్రాంతానిది. దాని ఉత్తర గోడలో అంతకంటే పాత చర్చి చెక్కలు, మెలికలు తిరిగిన పాముల చెక్కడంతో సహా, మళ్లీ వాడారు. 1979లో అది యునెస్కో జాబితాకెక్కింది.

రెండో సంగతి తారు. ఇది మన రోడ్డు తారు కాదు. చేవ, జిగురు బాగా పట్టిన పైన్ మొద్దులను, వేళ్లను పేర్చి, పైన గడ్డిపెళ్లలు కప్పి, గాలి ఆడకుండా నెమ్మదిగా కాలిస్తే అడుగున కారేది. దాన్ని వేడి చేసి, ఎండిన చెక్కకు, వేసవిలో, పల్చగా పూయాలి. తడి చెక్క మీద పూస్తే లోపలికి ఇంకదు. మందంగా పూస్తే ఎండకు కారుతుంది, తర్వాత పెచ్చులుగా ఊడుతుంది. దక్షిణపు గోడ తొందరగా వెలిసిపోతుంది కాబట్టి దానికి పూత ముందే పడాలి.

ఆ పాత చర్చిల్లో ఇప్పుడు మిగిలినవి 28. పంతొమ్మిదో శతాబ్దంలో పోయినవాటిలో చాలావాటిని తినేసింది కుళ్లు కాదు. ఊరి జనంలో పదింట మూడు వంతుల మంది పట్టేంత చర్చి ఉండాలని 1851లో చట్టం వచ్చింది. ఇరుకు చర్చిలను కూలగొట్టి పెద్దవి కట్టుకున్నారు.

మన రాయగడ, గజపతి జిల్లాల్లో తడికి తోడు చెదలు కూడా. అయినా పాత ఇళ్ల నిట్రాటలు కాస్త కదిలితే చాలు, మొదలు చుట్టూ సిమెంటు పోసి బిగిస్తున్నారు. సిమెంటుకూ కర్రకూ మధ్య సందు పడుతుంది, వాననీరు అందులోకి దిగి ఆరదు. సిమెంటుకు అంగుళం పైన స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే సిమెంటు కొట్టేసి, కుళ్లిన మేర కోసి, చేవ కర్ర అతికి, జానెడు ఎత్తు రాయి మీద నిలపాలి. ఈసారి ఆ అడుగు భాగం ఫొటో కూడా వేయండి.

ఇట్లు,
వడ్రంగి పనివారు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా