మా దగ్గరున్న కుక్కలకు రక్త విరేచనాలు: ఏం జరిగిందో ఉన్నదున్నట్టు

మీ కుక్కల్ని మా బోర్డింగ్‌లో నమ్మకంగా వదిలి వెళ్లే పాత కస్టమర్లందరికీ,

ఈమధ్య మా దగ్గరున్న కుక్కల్లో కొన్నింటికి విరేచనంలో బంక, ఎర్రటి రక్తపు చారలు కనిపించాయి. అన్నీ కోలుకున్నాయి, ఇళ్లకు చేరాయి. అప్పుడే ఫోన్ చేసి చెప్పినా, చేతులు మారేసరికి మాట మారింది. "అక్కడ కుళ్లిన తిండి పెడతారట" అనే దాకా వచ్చింది. నన్ను ఏమైనా అనండి గానీ, ఆ మాట మాత్రం పడను.

ముందు తిండి సంగతి. ఏళ్ల తరబడి ఒకే సప్లయర్ దగ్గర ఒకే రకం డ్రై ఫుడ్ తీసుకుంటున్నాం. ఈసారి బస్తా అదే, రంగు అదే, పేరు అదే. లోపల సరుకు వేరు. మాంసం రకం మార్చారు, కొవ్వు పెంచారు. వెనకవైపు చీమతలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. అడిగితే ఆయన "కంపెనీ మార్చింది, నాకేం తెలుసు" అన్నాడు. డబ్బు తీసుకునేటప్పుడు తెలుస్తుందే! మర్నాడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. తర్వాత ఎత్తి, "మిగతావాళ్లెవరూ కంప్లైంట్ చేయలేదు, మీ దగ్గరే ఏదో తేడా ఉంది" అని నాకే నేర్పబోయాడు. బస్తాలన్నీ వెనక్కి పంపేశాను. ఇక ఆయనతో లెక్క తేల్చుకోవడమే గానీ వ్యాపారం లేదు.

కుక్కకు తిండి మార్చాలంటే పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ 7 నుంచి 10 రోజులు పట్టాలి. ఒక్కసారిగా మారిస్తే పెద్దపేగు వాచిపోవచ్చు. అప్పుడు పేగు లోపలి పొర బంకను ఎక్కువగా వదులుతుంది, ఒరుసుకున్నచోట కొంచెం రక్తం వస్తుంది. మాటిమాటికీ బయటికి పరిగెత్తడం, ముక్కడం, చివరికి కొంచెమే రావడం దీని గుర్తులు. మా దగ్గర ఎక్కువ కుక్కల్లో కనిపించింది ఇదే. హుషారుగానే ఉన్నాయి, ఆడుకున్నాయి. కొత్త చోటు, యజమాని కనిపించని టెన్షన్ కూడా ఇలాగే చేస్తాయని డాక్టర్ గారు చెప్పారు. బోర్డింగ్ నడిపేవాడికి ఇష్టమైన మాట కాదు గానీ, నిజమే.

తప్పంతా సప్లయర్‌దేనని తేల్చేయాలని నాకు గట్టిగా ఉండేది. డాక్టర్ గారు ఒప్పుకోలేదు. మళ్లీ మళ్లీ మలపరీక్ష చేయిస్తే ఒక కుక్కలో విప్‌వార్మ్ గుడ్లు బయటపడ్డాయి. ఇవి పెద్దపేగులో ఉండే నట్టలు. గుడ్లు రోజూ పడవు కాబట్టి ఒక్క పరీక్షలో ఏమీ లేదని వస్తే నమ్మడానికి లేదు. పైగా నట్ట కడుపులో చేరాక గుడ్లు కనిపించడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. ఆ కుక్క మా గడప తొక్కడం అదే మొదటిసారి, అంటే మా దగ్గర అంటుకున్నది కాదు. ఈ ఒక్క ముక్క అందరూ గుర్తుపెట్టుకుంటే చాలు. దాని యజమాని ఎవరో మాత్రం ఎంత అడిగినా చెప్పను. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి, అందుకని అది తిరిగిన వైపు పైమట్టి తీయించేశాను.

నాకు నిద్ర లేకుండా చేసింది మాత్రం ఒక పిల్లకుక్క. వాంతి చేసుకుంది, తిండి ముట్టలేదు, రక్తం ఎక్కువగా పోయింది. టీకాలు సక్రమంగానే పడ్డాయి. అయినా పిల్లకుక్కకు ఇలా జరిగితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పార్వోయే, కుక్కల ప్రాణం తీసే అంటు వైరస్ జబ్బు. ఆ వైరస్ మామూలు సబ్బుకు చావదు, మట్టిలో నెలల తరబడి ఉంటుంది. రిపోర్టు వచ్చేదాకా ఆగాలా, ఆ రాత్రే అందరికీ చెప్పాలా? చెబితే అందరూ పరిగెత్తుకొచ్చి తీసుకెళ్లిపోతారు. అది నిజంగా పార్వో అయితే వైరస్ ఇంటింటికీ వెళుతుంది. చెప్పకుండా ఆగితే, మీ కుక్క పక్కనే జబ్బుందని తెలిసీ దాచినవాడినవుతాను. మా ఇంట్లోవాళ్లు "రేపటిదాకా ఆగు" అన్నారు, డాక్టర్ గారు "నీ ఇష్టం" అన్నారు. ఆ రాత్రి ఫోన్ పట్టుకుని ఎన్నిసార్లు లేచి కూర్చున్నానో! చివరికి అందరికీ ఫోన్ చేశాను. తీసుకెళ్లినా సరే, రెండు వారాలు వేరే కుక్కలతో కలవనివ్వొద్దని బతిమాలాను. పరీక్షలో పార్వో లేదని వచ్చింది. మొదట్లో చేసిన పరీక్ష తప్పొచ్చని మళ్లీ చేయించారు, అప్పుడూ లేదు. చివరికి తేలింది కాక్సిడియా అనే సూక్ష్మజీవి, మందుతో తగ్గింది. ఆ ఫోన్ల వల్ల బుకింగ్‌లు చాలా పోయాయి. "అనవసరంగా కంగారు పెట్టావు" అన్నవాళ్లున్నారు. మళ్లీ అలాంటి రాత్రి వస్తే మళ్లీ ఫోన్ చేస్తాను, చిరాకు పడేవాళ్లు పడండి.

ఇక నుంచి మీ కుక్క తినే తిండి మీరే పంపండి, మేం పెడతాం. చేరే ముందు తాజా మలపరీక్ష రిపోర్టు, టీకాల కార్డు చూపించాలి. పాతవాళ్లకైనా మినహాయింపు లేదు.

ఇంటికి వెళ్లాక బంకతో చిన్న చార కనిపించి, కుక్క హుషారుగా ఉంటే ఒక రోజు గమనించవచ్చు, తగ్గకపోతే చూపించండి. రక్తం గడ్డలుగా, జామ్ లాగా పడినా, మలం తారులాగా నల్లగా ఉన్నా, వాంతులు, నీరసం, పాలిపోయిన చిగుళ్లు కనిపించినా, ఎలుకల మందు తినిందేమోనన్న అనుమానం ఉన్నా ఆ గంటలోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పిల్లకుక్క అయితే చిన్న చారకు కూడా ఆగకండి. మనుషుల విరేచనాల మాత్రలు, నొప్పి మాత్రలు మీ అంతట మీరు వేయకండి. ముసలి కుక్కకు వారాల తరబడి రక్తం వచ్చిపోతుంటే తప్పు తిండి మీదికి తోసేయకండి, పేగులో కంతి ఉందేమో చూడాలి. మీలో ఒకరు ఇదే అడిగారు, అందుకే రాస్తున్నాను.

బుకింగ్ రద్దు చేసుకున్నవాళ్ల అడ్వాన్స్ తిరిగి ఇచ్చేస్తున్నాను. ఇంకా అందనివాళ్లు ఫోన్ చేయండి. పరీక్షల రిపోర్టులన్నీ కౌంటర్ దగ్గర ఫైల్‌లో, యజమానుల పేర్లు కొట్టేసి పెట్టాను. కుళ్లిన తిండి అన్నవాళ్లు కూడా వచ్చి చూసుకోవచ్చు.