గోడ మీద షుగర్ బోర్డు సరే, గేటు బయట సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

పిల్లల్లో ఊబకాయం గురించి ఈ మధ్య పేపర్లలో టీవీల్లో బాగా వస్తోంది, రావాలి కూడా. 2025 ఫిబ్రవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో వంట నూనె వాడకం 10 శాతం తగ్గించుకోమన్నారు, మే నెలలో సీబీఎస్ఈ వాళ్ళు తమ స్కూళ్ళన్నిట్లో ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకి చెప్పే షుగర్ బోర్డులు పెట్టమన్నారు, జూలైలో నూనె, కొవ్వు గురించి చెప్పే ఆయిల్ బోర్డులు కూడా పెట్టమన్నారు. ఇదంతా చూసి సంతోషపడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి. విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీగా చేస్తున్నా, పిల్లలకి డ్రిల్ సార్‌ని. కానీ ఒక మాట గట్టిగా చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నా. ప్రభుత్వం చెప్పేదంతా తినే పిల్లలకీ, కొనిపెట్టే అమ్మానాన్నలకీ చెప్తోంది. తయారుచేసి అమ్మేవాళ్ళకి చెప్పాల్సింది సగమే చెప్పింది, ఆ సగం కూడా ఎక్కడా అమలు కావట్లేదు.

షుగర్ బోర్డు సంగతే తీసుకోండి. ఆ ఉత్తర్వులో సీబీఎస్ఈ వాళ్ళే రాశారు, 4 నుంచి 10 ఏళ్ళ పిల్లలు రోజూ తీసుకునే కేలరీల్లో 13 శాతం, 11 నుంచి 18 ఏళ్ళ వాళ్ళు 15 శాతం చక్కెర నుంచే తెచ్చుకుంటున్నారని, ఉండాల్సింది మాత్రం 5 శాతమేనని. అంటే దాదాపు మూడింతలు. 250 ఎంఎల్ కూల్ డ్రింక్ సీసాలో దాదాపు 26 గ్రాముల చక్కెర ఉంటుంది, 5 శాతం లెక్కలో ఒక పెద్ద మనిషికి రోజంతటికీ సరిపోయేది 25 గ్రాములు, అంటే పిల్లోడు సాయంత్రం ఒక్క సీసా తాగితే ఆ రోజు కోటా దాటిపోయినట్టే, ఇంకా పొద్దున పాలల్లో కలిపిన పొడి, బాక్సులో పెట్టిన క్రీమ్ బిస్కెట్, ఎవరిదో పుట్టినరోజని క్లాసులో పంచిన చాక్లెట్ ఇవేవీ లెక్కలోకి రాలేదు. బోర్డు మీద ఇది రాసిపెడితే ఏడో క్లాసు పిల్లకి చక్కగా అర్థమవుతుంది. అర్థమయ్యాక ఆ పిల్ల సాయంత్రం బ్యాగ్ తగిలించుకుని గేటు దాటగానే ఎదురుగా ఏముంది? వరసగా వేలాడదీసిన 5 రూపాయల, 10 రూపాయల ప్యాకెట్లు, ఫ్రిజ్ నిండా రంగు సీసాలు, పక్కనే నూడుల్స్ బండి. పదకొండేళ్ళ పిల్ల ఆకలి మీద ఉన్నప్పుడు తనంతట తనే వీటన్నిటినీ కాదనుకుని ఇంటికి పోవాలంటే ఎట్లా అండి? పెద్దవాళ్ళం మనమే పోలేకపోతున్నాం.

దీనికి రూల్ లేదా అంటే ఉంది. 2010లో ఢిల్లీ హైకోర్టులో ఒక స్వచ్ఛంద సంస్థ ప్రజాప్రయోజన వ్యాజ్యం (పిల్) వేసింది, 2015లో కోర్టు గట్టిగా చెప్పింది, చివరికి 2020లో ఫుడ్ సేఫ్టీ అథారిటీ వాళ్ళు, అదే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళు, స్కూలు పిల్లల ఆహారం మీద ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చారు, 2021 జూలై నుంచి అమల్లో ఉన్నాయి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాల్ని స్కూలు క్యాంటీన్లో గానీ హాస్టల్ మెస్‌లో గానీ అమ్మకూడదు, గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్ల లోపు పిల్లలకి అమ్మకూడదు, ప్రచారం కూడా చేయకూడదు. ఇంత స్పష్టంగా రాసి ఉంది. 50 మీటర్లంటే ఎంతండీ, మా పిల్లలు పది సెకన్లలో పరిగెత్తేస్తారు. అంత చిన్న దూరం కూడా కాపాడలేకపోతున్నాం. ఈ రూల్ ఉందని మా తోటి టీచర్లలో చాలామందికి తెలీదు, కొన్ని స్కూళ్ళ మేనేజ్‌మెంట్లకి తెలిసినా తెలియనట్టుంటారు, ఎందుకంటే కొన్నిచోట్ల క్యాంటీన్ అద్దె వాళ్ళకే వస్తుంది. నేను పనిచేసిన ఒక స్కూల్లో క్యాంటీన్లో ఉడకబెట్టిన శనగలు, అరటిపళ్ళు పెడదామని అడిగితే "అవి ఎవరు కొంటారు సార్" అన్నారు. స్పోర్ట్స్ డే రోజు పల్లీ చిక్కీ, అరటిపండు ఇస్తే ఒక్కటీ మిగల్లేదు, అది నా కళ్ళతో చూశా.

ఇక్కడ ఒక మాట. గేటు దగ్గర బడ్డీ కొట్టు పెట్టుకున్న ఆవిడ మీద పడమని నేను చెప్పట్లేదు. ఆవిడ ఆ నాలుగు ప్యాకెట్లు అమ్ముకుంటేనే ఇల్లు గడుస్తుంది. ఆమె చేతికి ఆ ప్యాకెట్లు, ఆ ఫ్రిజ్, ఆ రంగుల బోర్డు ఇచ్చింది పెద్ద కంపెనీలు. మునిసిపాలిటీ వాళ్ళు అప్పుడప్పుడు వచ్చి బండ్లు లాక్కెళ్తారు, మర్నాడు మళ్ళీ వస్తాయి, అది పరిష్కారం కాదు. అదే బండి మీద మొక్కజొన్న పొత్తులు, ఉడకబెట్టిన పల్లీలు, జామకాయలు, గుగ్గిళ్ళు, మజ్జిగ అమ్ముకునేలా గుర్తింపు కార్డు ఇచ్చి, చిన్న లోన్ ఇప్పించి, ఆ 50 మీటర్ల లోపల జాగా ఇలాంటివాళ్ళకే అని చెప్తే ఎంత బాగుంటుంది. కలెక్టర్ తల్చుకుంటే రెండు నెలల్లో అయ్యే పని ఇది.

గవర్నమెంట్ స్కూళ్ళ వైపు చూస్తే నిజంగా మెచ్చుకోవాల్సింది ఉంది. మన ఏపీలో మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగి జావ ఇస్తున్నారు, పథకం పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా మారింది, ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుతో నడుస్తోంది, పేరు ఏదైనా గానీ ఆగకుండా నడవడం గొప్ప సంగతి. తెలంగాణలోనూ వారానికి మూడు గుడ్లు మెనూలో ఉన్నాయి. ఇంకా మన దేశంలో ఎదుగుదల లేని పిల్లలే ఎక్కువ కాబట్టి ఆ భోజనం కొనసాగాలి, ఇంకా బాగుండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు 35.5 శాతం, బరువు ఎక్కువున్నవాళ్ళు 3.4 శాతం. 3.4 చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ అంతకు ముందు విడతలో అది 2.1, ఆ నాలుగైదేళ్ళలో ఎంత పెరిగిందో చూడండి. ప్రపంచం మొత్తం మీద అయితే 5 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో తక్కువ బరువు ఉన్నవాళ్ళ కంటే ఊబకాయం ఉన్నవాళ్ళే ఎక్కువయ్యారని 2025 సెప్టెంబర్లో యూనిసెఫ్ చెప్పింది. దక్షిణాసియాలో ఇంకా అంత దూరం రాలేదు. రాకముందే ఏదైనా చేయగలిగే టైం మనకి ఇంకా ఉందని అర్థం.

మరి ప్రైవేటు స్కూలు పిల్లల సంగతి? బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల టీములు గవర్నమెంట్, ఎయిడెడ్ స్కూళ్ళకి వెళ్ళి పిల్లల్ని పరీక్షిస్తాయి. మా దగ్గరికి ఎవరూ రారు. నాకు డ్రిల్ పీరియడ్‌లో కనిపించేదే లెక్క. గ్రౌండ్ చుట్టూ ఒక రౌండు కొట్టగానే గోడ పట్టుకుని నిలబడిపోయే పిల్లలు ప్రతి సెక్షన్లో ఉన్నారు, మెడ వెనక నల్లగా చార కట్టిన పిల్లలు ఉన్నారు, అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే కూడా అలా వస్తుందని డాక్టర్లు చెప్తారు. అమ్మలేమో పీచుతో రుద్ది రుద్ది వదిలిపెడతారు పాపం. ఇంకో పక్క గ్రౌండే లేని స్కూళ్ళు. విద్యాహక్కు చట్టంలో స్కూలుకి ఆటస్థలం ఉండాలని షెడ్యూల్లోనే రాసి ఉంది, అయినా అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగుల్లో పర్మిషన్లు వస్తూనే ఉన్నాయి. డ్రిల్ పీరియడ్ ఉంటే అందులో మ్యాథ్స్ స్లిప్ టెస్ట్ పెడతారు. టెన్త్ పిల్లలకి అయితే దసరా దాటితే ఆట అనే మాటే ఉండదు, పొద్దున్నే స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, మధ్యలో నిద్ర రాకుండా బిస్కెట్ ప్యాకెట్.

ఇక ఆ ప్యాకెట్ దగ్గరికి వద్దాం, అసలు గొడవంతా అక్కడే ఉంది. వెనక్కి తిప్పి కళ్ళజోడు పెట్టుకుని వెతికితే గానీ ఎంత చక్కెర ఉందో, ఎంత ఉప్పు ఉందో తెలీదు, అది కూడా ఇంగ్లీషులో, 100 గ్రాములకి ఇంత అని. మా స్కూలు పిల్లల అమ్మల్లో ఎంతమంది అది చదవగలరు? ముందు వైపు మాత్రం గోధుమలు, పాలు, పళ్ళ బొమ్మలు. ముందు వైపునే కనపడేలా హెచ్చరిక వేయాలని డాక్టర్లు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. 2022 సెప్టెంబర్లో ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళు హెచ్చరిక కాకుండా స్టార్ రేటింగ్ అని ఒక ముసాయిదా తెచ్చారు, అర స్టార్ నుంచి అయిదు స్టార్ల దాకా. దాంట్లో చిక్కేంటంటే చక్కెర ఎక్కువున్నా కాస్త పీచు, కాస్త పప్పులు కలిపితే మార్కులు కలిసొచ్చి స్టార్ పెరుగుతుంది. మా పిల్లలు స్టార్ అంటే మెచ్చుకోలు అనుకుంటారు, నోట్‌బుక్‌లో టీచర్ వేసేది అదే కదా. 2025 ఏప్రిల్లో సుప్రీంకోర్టు మూడు నెలల్లో ఈ లేబుల్ సంగతి తేల్చమంది. ఆ మూడు నెలలు అయ్యాయి, గడువు మళ్ళీ పెంచారు.

చేయాలనుకుంటే ఎట్లా చేస్తారో చిలీ దేశాన్ని చూడొచ్చు. 2016 నుంచి అక్కడ చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ మీద నల్లటి ఎనిమిది పలకల గుర్తు ముందు వైపే వేస్తారు, ఆ గుర్తు ఉంటే స్కూల్లో అమ్మకూడదు, ప్యాకెట్ మీద కార్టూన్ బొమ్మ వేయకూడదు. ఎంత సింపుల్‌గా ఉందో చూడండి, గేటు దగ్గర ఇన్‌స్పెక్టర్ లెక్కలు కట్టక్కర్లేదు, గుర్తు ఉందా లేదా అంతే. తర్వాత చేసిన పరిశోధనలో తీపి డ్రింకుల కొనుగోళ్ళు దాదాపు నాలుగో వంతు తగ్గాయని తేలింది. బ్రిటన్ వాళ్ళు 2018లో తీపి డ్రింకుల మీద చక్కెర మోతాదుని బట్టి పన్ను వేస్తే కంపెనీలే భయపడి పన్ను మొదలయ్యేలోపే చక్కెర తగ్గించుకున్నాయి. ఏ పిల్లోడికీ ఎవరూ క్లాసు పీకలేదు, సీసాలోనే చక్కెర తగ్గింది. మన పక్కన కేరళ కూడా 2016లో బ్రాండెడ్ రెస్టారెంట్ల బర్గర్లు, పిజ్జాల మీద 14.5 శాతం పన్ను వేసింది, మరుసటి ఏడాది జీఎస్టీ రావడంతో అది పోయింది.

జీఎస్టీ అంటే గుర్తొచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీముల మీద 18 శాతం ఉన్న పన్ను 5 అయింది, మిక్చర్లు, నూడుల్స్ మీద 12 నుంచి 5 అయింది. బాదం, ఖర్జూరం మీద కూడా తగ్గించారు, అది మంచి పని, కూల్ డ్రింకుల మీద 40 శాతం అలాగే ఉంచారు, అదీ మంచిదే. కానీ అదే ఏడాది మొదట్లో ఊబకాయం తగ్గించుకోండని దేశానికంతటికీ చెప్పి, సెప్టెంబర్ వచ్చేసరికి క్రీమ్ బిస్కెట్‌ని చవక చేయడం ఏం పద్ధతో నాకు అర్థం కావట్లేదు. చక్కెర మోతాదుని బట్టి పన్ను పెట్టి, ఆ డబ్బుతో స్కూళ్ళలో పండు ఇస్తే ఎవరు కాదంటారు?

గట్టిగా నిలబడితే పని జరుగుతుందనడానికి మన హైదరాబాదే సాక్ష్యం. పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని అమ్ముతున్న తీపి డ్రింకుల మీద ఎనిమిదేళ్ళు పోరాడారు. విరేచనాలైన పిల్లలకి ఇవ్వాల్సిన అసలు ఓఆర్ఎస్ లీటర్లో గ్లూకోజ్ 13.5 గ్రాములే, ఆ డబ్బాల్లో దానికి ఎన్నో రెట్ల చక్కెర, తాగితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. చివరికి 2025 అక్టోబర్లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆర్డర్ ఇచ్చింది. ఒక్క డాక్టరమ్మ కన్నీళ్ళు పెట్టుకుని కొట్లాడితే వచ్చిన ఆర్డర్ అది. ప్రతి విషయానికీ ఒకరు ఎనిమిదేళ్ళు కొట్లాడాలంటే ఇప్పుడున్న పిల్లలు పెద్దవాళ్ళైపోతారు.

ఇంట్లో మన బాధ్యత లేదా అంటే ఉంది, లేదనట్లేదు. పిల్లోడు బొద్దుగా ఉంటే ముద్దుగా ఉన్నాడనుకోవడం, అన్నం తినకపోతే ఫోన్ ఇచ్చి తినిపించడం, ట్యూషన్‌కి పోయే దారిలో తినమని పది రూపాయలు చేతిలో పెట్టడం, ఇవి మనం మానుకోవాలి. అయితే తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి పోయే ఇంట్లో పొద్దున ఆరింటికి బాక్స్ కట్టేవాళ్ళని తప్పు పట్టడం తేలిక, వాళ్ళకి సాయం చేయడమే కష్టం. ఇంకోటి కూడా మర్చిపోకూడదు. ఈ అవగాహన కార్యక్రమాల పేరుతో లావుగా ఉన్న పిల్లల్ని అందరి ముందు నిలబెట్టి బరువు చూడటం, మైకులో చెప్పడం కొన్నిచోట్ల జరుగుతోంది. దయచేసి ఆపండి. అసలే తోటి పిల్లలు లడ్డూ, బండోడా అని పిలుస్తుంటే వాళ్ళు ఆటకి రావడమే మానేస్తారు, నా అనుభవంలో ఎక్కువ బాధపడేది ఈ పిల్లలే, మెల్లగా దగ్గరికి తీస్తే ఎక్కువ కష్టపడేదీ వీళ్ళే.

కాబట్టి నేను అడిగేది ఇది. జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారులు స్కూళ్ళ దగ్గర ఏడాదిలో ఎన్ని తనిఖీలు చేశారు, ఎన్ని శాంపిళ్ళు తీశారు, ఎంతమందికి నోటీసులిచ్చారు, ఎన్ని క్యాంటీన్లకి లైసెన్స్ ఉంది అనేది స్కూలు పేరుతో సహా ప్రతి మూడు నెలలకీ బయటపెట్టాలి. షుగర్, ఆయిల్ బోర్డుల రూల్ స్టేట్ సిలబస్ ప్రైవేటు స్కూళ్ళకి కూడా వర్తించేలా రెండు తెలుగు ప్రభుత్వాలూ ఆర్డర్లు ఇవ్వాలి, గుర్తింపు రెన్యువల్ చేసేటప్పుడు క్యాంటీన్నీ గ్రౌండ్నీ కళ్ళతో చూసి సంతకం పెట్టాలి. మీ పేపర్‌కి జిల్లా జిల్లాకీ రిపోర్టర్లు ఉన్నారు కదా, ఒక వారం వాళ్ళని టేపు పట్టుకుని స్కూలు గేట్ల దగ్గర 50 మీటర్లు కొలవమనండి, ఆ లోపల ఏమేం అమ్ముతున్నారో ఫొటోలతో వేయండి. మా స్కూలు గేటు దగ్గర్నుంచే మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక పీఈటీ, విజయవాడ