పేపర్లు తగ్గించారు, ప్రశ్నలు మార్చరా?

సంపాదకులకు,

మన ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షల సంస్కరణలపై గత వారం మీ పత్రికలో వచ్చిన వార్త చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. సంస్కరణంటే మన అధికారులకు పేపర్లు లెక్కపెట్టడమే. 11 పేపర్లు 7 చేశారు, 7 కాస్తా 6 చేశారు, మళ్లీ 7 చేశారు. ఇంటర్నల్ మార్కులు తీసేశారు, బిట్ పేపర్ ఎత్తేశారు. ప్రశ్న మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

లేఖారచననే చూడండి. ‘మీరు చూసిన యాత్రాస్థలం గురించి మిత్రునికి లేఖ రాయండి.’ అరకు మొహం చూడని పిల్లాడు కూడా గైడులో ఉన్నది తేదీతో సహా దించేస్తాడు, మార్కులు పడిపోతాయి. అదే పిల్లాణ్ని వీధిలో కాలువ పొంగుతోందని నగరపాలక సంస్థ జీవీఎంసీకి నాలుగు ముక్కలు రాయమంటే బిక్కమొహం వేస్తాడు. సోమవారం కలెక్టరేట్ దగ్గరికి వెళ్లి చూడండి, డిగ్రీ చదివినవాళ్లు కూడా అర్జీ రాసిపెట్టేవాళ్ల కోసం వెతుక్కుంటారు.

లెక్కల పేపర్లో ఈపీడీసీఎల్ కరెంటు బిల్లు ఎందుకు ఇవ్వరు? 30 యూనిట్ల దాకా ఒక రేటు, 75 దాకా ఇంకో రేటు, ఆపైన మరొకటి. నెలకు ఎన్ని యూనిట్లు తగ్గిస్తే ఎంత మిగులుతుందో పిల్లల్నే తేల్చమనండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మా విశాఖను ఊడ్చేసింది. ఇక్కడ కూడా సాంఘికశాస్త్రంలో తుపాను అంటే ఇప్పటికీ కారణాలు, ఫలితాలేనా? వాతావరణ శాఖ బులెటిన్ ఒకటి అచ్చువేసి, ఓడరేవులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారంటే మత్స్యకారులుండే జాలారిపేటలో ఎవరు ఏం చేయాలో రాయమంటే ఏ గైడూ అక్కరకు రాదు.

జాతీయ విద్యావిధానం 2020లోనే చెప్పింది, బోర్డు పరీక్ష బట్టీని కాకుండా సామర్థ్యాన్ని కొలవాలని. సీబీఎస్‌ఈ తొమ్మిది, పది తరగతుల్లో సగం ప్రశ్నల్ని ఆ దారి పట్టించింది. మన దగ్గర డిసెంబరు వస్తే చాలు, స్టడీ మెటీరియల్, స్లిప్ టెస్టులు, ఏ జిల్లాకు ఎంత ఉత్తీర్ణత శాతమన్న గొడవ. శాతం తగ్గితే టీచరుకు మెమో. సొంత మాటల్లో రాసిన మంచి జవాబు స్పాట్ వాల్యుయేషన్‌లో ‘కీ’కి సరిపోక మార్కులు పోగొట్టుకుంటే అడిగే నాథుడు లేడు. అందుకే సొంతంగా రాయొద్దని టీచర్లం మేమే పిల్లలకు చెప్పాల్సి వచ్చేది. ఆ మాట చెప్పినప్పుడల్లా నాకు కడుపు మండేది.

వచ్చే ఏడాది ప్రతి పేపర్లోనూ కనీసం 20 మార్కులకు ఇలాంటి ప్రశ్నలు పెట్టండి. వాటిని దిద్దడానికి టీచర్లకు వేసవిలోనే శిక్షణ ఇవ్వండి, నమూనా జవాబుకు బదులు మార్కులు వేసే పద్ధతి చెప్పండి. ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల ప్రశ్నపత్రం తయారుచేసే పని ఏ బడికి ఆ బడికే వదిలేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
కంచరపాలెం, విశాఖపట్నం