కీమియా గురించి అర కాలమ్ రాయండి

సంపాదకుల గారికి,

మా అమ్మాయికి పదమూడేళ్లు. రెండేళ్లుగా తైక్వాండో నేర్చుకుంటోంది. మొన్న రాత్రి కమిలిన పాదం మీద ఐసు ముక్క పెట్టుకుంటూ, "అమ్మా, కీమియా అలీజాదే గురించి మన పేపర్లో ఎందుకు రాదు?" అని అడిగింది. అందుకే ఈ ఉత్తరం.

ఇరాన్‌లోని కరజ్‌లో పుట్టిన కీమియా, 2016 రియో ఒలింపిక్స్‌లో తైక్వాండో 57 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి ఇరాన్ మహిళ ఆమే. ఇంటింటా ఆ పిల్ల ఫొటో పెట్టుకోవాల్సింది. కానీ 2020 జనవరిలో, ఇరాన్ అధికారులు తనను ప్రచారానికి వాడుకుంటున్నారని, ఏం తొడుక్కోవాలో కూడా వాళ్లే చెబుతున్నారని బాహాటంగా రాసి దేశం వదిలేసింది.

టోక్యో ఒలింపిక్స్‌లో శరణార్థుల జట్టు తరఫున దిగింది. తొలి పోరే ఇరాన్ అమ్మాయి నహీద్ కియానీతో! ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే జట్టు. ఆ క్షణం ఆమె గుండె ఎలా కొట్టుకుందో తలచుకుంటేనే నాకు టెన్షన్. కియానీని గెలిచి, రెండుసార్లు స్వర్ణం సాధించిన బ్రిటన్ క్రీడాకారిణి జేడ్ జోన్స్‌నూ ఓడించింది. పతకం మాత్రం చేజారింది.

2024 ప్యారిస్‌లో బల్గేరియా తరఫున ఆడింది. మళ్లీ కియానీ ఎదురైంది, ఈసారి కియానీదే గెలుపు. చివరికి కియానీకి రజతం, కీమియాకు కాంస్యం.

క్రికెట్ స్కోర్ల పక్కన ఇలాంటి వాళ్లకు అర కాలమ్ ఇవ్వండి, చాలు. కత్తిరించి గోడకు అంటించుకోవాలని మా అమ్మాయి ఎదురుచూస్తోంది.

ఇట్లు,
ఒక తల్లి, విజయనగరం