కసిమి ముదిరే దాకా ఆగుదాం: మా కలంకారీ కస్టమర్లకు

శ్రీకాళహస్తి కలంకారీ చీరలు, దుపట్టాలు, గోడపటాలు మా దగ్గర తీసుకునే అందరికీ నమస్కారం. ఈసారి చెప్పేవి రెండు విషయాలు. మన వాట్సాప్ గ్రూపులో ఇకమీద రాజకీయాలు వద్దు, ఆ ప్రశ్నలకు మేమూ జవాబివ్వం. చేతిగీత పనికి గడువు 4 వారాల నుంచి 7 వారాలకు పెంచాం. రెండూ ఒకదానికొకటి ముడిపడినవే కాబట్టి కలిపి చెబుతున్నాం.

గ్రూపు పెట్టింది కొత్త బట్టలు చూపించడానికి, రంగు దిగితే మీరు అడగడానికి. కొంతకాలంగా చీర ఫొటో కింద పార్టీల వాదన మొదలై అర్ధరాత్రి దాకా నడుస్తోంది. మీరెవరి పక్షమని మమ్మల్నీ నిలదీస్తున్నారు. సర్దిచెబుతూ ఒక్క జవాబు రాస్తే దానికి పది ప్రశ్నలు వస్తున్నాయి. రోజుకు రెండు గంటలు అందులోనే పోతున్నాయి. రాజకీయాలు మాట్లాడటం ఎవరి హక్కు వాళ్ళది, దాన్ని కాదనం. ఈ గ్రూపులో మాత్రం బట్ట గురించే మాట్లాడుకుందాం.

దాని దెబ్బ పనిమీద ఎలా పడుతుందో చెప్పాలి. కలంతో గీత మొదలుపెడితే మలుపు తిరిగే దాకా ఒకే ఊపున పోవాలి. మధ్యలో ఫోను మోగి చెయ్యి ఆగిందంటే, ఆగినచోట కసిమి, అంటే నల్లగీతకు వాడే ద్రావణం, గుడ్డలోకి ఇంకి ఆవగింజంత బొట్టు కడుతుంది. మళ్ళీ అక్కడినుంచి గీస్తే అతుకు తెలిసిపోతుంది. నిమ్మరసం అద్దితే నలుపు పలచబడుతుంది గానీ, చుట్టూ ఉన్న రంగుకూ మచ్చ పడుతుంది. పెన్సిలు గీతలా చెరిపేసే దారి లేదు. అందుకని పొద్దున 8 నుంచి 1 గంట దాకా గీతపని గదిలో ఇప్పుడు ఫోన్లు ఉండవు. ఆ వేళలో మీ కాల్ ఎత్తకపోతే కారణం ఇదే.

ఇక గడువు సంగతి. కసిమి ముదరడానికే రోజులు పడతాయి. మేం కలిపే కొలత ఇది: 10 లీటర్ల నీళ్ళు, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు 1 కిలో, బెల్లం 1 కిలో, తాటిబెల్లం పావుకిలో. ఇనుముకు పెయింటు, గ్రీసు అంటి ఉంటే ముందు మంటలో కాల్చి, రుద్ది కడగాలి. మట్టికుండలో పోసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి నీడన పెడతాం. రెండు మూడు రోజుల్లో పైకి నురగ తేలుతుంది. బెల్లం పులిసి పుల్లబడుతుంది, ఆ పులుపు ఇనుమును కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. ఎండాకాలం 15 రోజులు, చలికాలం 21 రోజులు లేదా ఆ పైన.

కుండలో చూస్తే కసిమి నల్లగా ఉండదు, పలచటి డికాషన్‌లా ఉంటుంది. కరక్కాయ పట్టించిన గుడ్డమీద పడ్డాకే నలుపు తేలుతుంది. కరక్కాయలోని వగరు, కసిమిలోని ఇనుము కలిస్తే పుట్టే నలుపది. అందుకే పరీక్ష కూడా సులువు. కరక్కాయ పట్టించిన ముక్కమీద ఒక గీత గీసి పది లెక్కపెట్టేలోగా చిక్కటి నలుపు వస్తే ముదిరినట్టు. బూడిదరంగు దగ్గరే ఆగిపోతే ఇంకా పచ్చిగా ఉన్నట్టు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. గత ఎండాకాలం ఆర్డర్లు ఎక్కువై రెండు కుండలు సరిపోక, ఒక కుండను 9 రోజులకే వాడేశాం. ఆరోజు గీత నల్లగానే కనబడింది. నాలుగైదు ఉతుకుల తరవాత అదే గీత గోధుమరంగుకు తిరిగింది. మీ దగ్గర అలాంటి బట్ట ఉంటే ఫొటో పంపండి, మార్చి ఇస్తాం. బిల్లు లేకపోయినా పరవాలేదు, గీత చూస్తే మా పని మేం గుర్తుపడతాం. ఇప్పుడు నాలుగు కుండలు వరసగా తిప్పుతున్నాం, ప్రతి కుండకూ కలిపిన తేదీ సుద్దతో రాస్తున్నాం.

మరీ ముదిరిన కసిమి కూడా ప్రమాదమే. ఇనుము ఎక్కువైతే ఏళ్ళ తరబడి నూలును తినేస్తుంది. చాలా పాత అద్దకం బట్టల్లో ఎరుపు, నీలం నిలిచి ఉండి నల్లగీత ఉన్నచోట మాత్రం గుడ్డ చిరిగి కనబడటానికి కారణం ఇదే. చిక్కగా ఉన్న కసిమిని ముక్కమీద చూసుకుంటూ నీళ్ళు కలిపి పలచన చేస్తాం. ఎంత కలపాలో రాసి చెప్పలేం, చెయ్యి చెబుతుంది. ఇది నేర్చుకోవడానికే ఏళ్ళు పడుతుంది.

కరక్కాయ పట్టు సరిగా లేకపోతే కసిమి ఎంత బాగున్నా గీత పాకుతుంది. గాడా బట్టను, అంటే ముతక నూలుబట్టను, పేడనీళ్ళలో రాత్రంతా నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరవేసి గంజి పూర్తిగా వదిలించాలి. 5 మీటర్ల బట్టకు కరక్కాయ పొడి పావుకిలో, కాచని గేదెపాలు లీటరున్నర, నీళ్ళు 3 లీటర్లు. పాలలోని వెన్న గీతను పక్కకు పాకనివ్వదు. పాలు తగ్గితే గీత అంచు ఈకలా చీలుతుంది, ఎక్కువైతే జిడ్డుపట్టి కసిమి లోపలికి దిగదు. అందుకే నీళ్ళు కలిపిన పాలు మాకు పనికిరావు. బట్టను అంతటా ఒకేలా పిండి వెంటనే ఎండలో పరచాలి. ముద్దగా వదిలేస్తే పాలు విరిగి మరకలు కడతాయి. కొత్త కలంకారీ చీరకు పుల్లటి పాలవాసన వచ్చేది ఇందుకే, రెండు ఉతుకులకు పోతుంది.

ఎరుపులో జరిగిన రెండో తప్పు: తెల్లగా ఉండాల్సిన నేల, అంటే బొమ్మల వెనక బట్ట, గులాబీరంగుకు తిరిగిందని కొందరు రాశారు. నిజమే. ఎరుపు రావాల్సినచోట ముందు పటికనీళ్ళు పూస్తాం, లీటరుకు 100 గ్రాముల పటిక. ఒక రోజంతా ఆరనిచ్చి పారే నీటిలో కడగాలి. ఎక్కువైన పటిక నీటితోపాటు కొట్టుకుపోవాలి. నిలవనీటిలో ముంచితే అదే పటిక తెల్లనేలకు అంటుకుంటుంది, తరవాత ఎరుపునిచ్చే మంజిష్ఠ, చవలకోడి వేళ్ళతో ఉడకబెట్టినప్పుడు అక్కడా ఎరుపెక్కుతుంది. మా స్వర్ణముఖి నదిలో ఏడాదిలో చాలా నెలలు ఇసుకే తప్ప పారే నీళ్ళుండవు. తొట్టిలో కడిగినందువల్ల వచ్చిన తేడా అది. ఇప్పుడు బోరునీటిని సిమెంటు కాలవలో పారించి, బట్టను ముడత పడకుండా ఇద్దరు పట్టుకుని కడుగుతున్నారు. ఖర్చు పెరిగింది, ఎరుపున్న చీరల ధర ఈ నెల నుంచి కొంచెం పెరుగుతుంది.

ఉడుకు రాగిపాత్రలోనే, మంట సన్నగా పెట్టి గంటసేపట్లో వేడి ఎక్కిస్తాం. మరిగే నీళ్ళలో ఒక్కసారిగా వేస్తే ఎరుపు మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఆ తరవాత నేల తెల్లబడటానికి మళ్ళీ పేడనీళ్ళు, మళ్ళీ ఎండ. ఇందుకే నవంబరు, డిసెంబరు వానల్లో మా పని సగానికి పడిపోతుంది. సంక్రాంతికి కావాలనుకునేవాళ్ళు అక్టోబరు మొదట్లోనే చెప్పండి.

పసుపు కరకపువ్వుతో వస్తుంది. ఆకుపచ్చ విడిగా ఉండదు, నీలిమందు పూసినచోట మీద పసుపు వేస్తే వచ్చేదే. ఎండకు మొదట పోయేది పసుపే కనక, కిటికీ ఎదురుగా పటం పెడితే కొన్నేళ్ళకు ఆకులు నీలంగా మారతాయి. అది మోసం కాదు, ఆ రంగు స్వభావం. నీడగోడకు పెట్టుకోండి.

గ్రూపులో వాదన ఆపమన్నప్పుడు కొందరు, అయితే ఆ తీరికలో ఏం చెయ్యమంటారని అడిగారు. మంచి ప్రశ్నే. వచ్చే నెల నుంచి ఆదివారాలు ఉదయం 9 నుంచి 12 దాకా గీత నేర్పిస్తాం, ఫీజు లేదు, గుడ్డ ఖర్చు మీది. 1950లలో, హస్తకళలను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చేనాటికి ఈ పని తెలిసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. ఇవాళ ఇన్ని ఇళ్ళలో కలం ఉందంటే ఎవరో ఓపిగ్గా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పినందువల్లే.

రాలేనివాళ్ళు ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. పెన్సిలంత లావు వెదురుపుల్ల జానెడు తీసుకుని, ఒక కొసను రెండంగుళాలు సన్నగా చెక్కండి. మొనకు అంగుళం పైన పాత ఉన్ని కంబళి పేలికను నిమ్మకాయంత చుట్టి నూలుదారంతో బిగించండి. ఉన్ని కసిమిని పీల్చుకుంటుంది, బొటనవేలితో నొక్కితే మొనకు దిగుతుంది. కారిపోతుంటే చుట్టు వదులైనట్టు, లేదా ముంచాక గిన్నె అంచుకు ఆనించి పిండనట్టు. గీత గీరుకుపోతుంటే ఉన్ని ఎండినట్టు. మొన పీచులేస్తే బ్లేడుతో చెక్కుకోవాలి, పనిలో రోజుకు రెండు మూడుసార్లు తప్పదు. రంగు నింపే కలానికి మొన మొద్దుగా, వెడల్పుగా ఉండాలి.

మొదటి నెలంతా బొమ్మల జోలికి పోకండి. చింతపుల్లల బొగ్గుతో గుర్తు పెట్టుకుని మూరెడు నిలువు గీతలు, తరవాత అడ్డగీతలు, తరవాత గుండ్రాలు. మణికట్టు కాదు, మోచెయ్యి కదలాలి. చాలామంది తొందరపడి దేవుడి ముఖంతో మొదలుపెడతారు. కనుబొమ్మ గీత వణికితే ముఖం మొత్తం పోతుంది, దాంతో విసుగొచ్చి మానేస్తారు. లతలతో మొదలుపెడితే తప్పుగీత కూడా ఆకుగా మారిపోతుంది.

వచ్చే నెల పార్సిళ్ళలో అడిగినవాళ్ళకు కరక్కాయ పట్టించిన మీటరు గుడ్డ, పావు లీటరు కసిమి పెడతాం, గుడ్డ ధర మాత్రమే తీసుకుంటాం. కసిమి సీసా మూత బిగించొద్దు. అది ఇంకా పులుస్తూనే ఉంటుంది, గాలి పట్టి మూత ఎగిరి, కసిమి ఇంట్లో బట్టలమీద పడితే ఆ మరక పోదు. వదులుగా పెట్టి, పిల్లలకు అందనిచోట నీడన ఉంచండి. ఉక్కు గిన్నెలో పొయ్యొద్దు, పింగాణీ కప్పు చాలు.